ఐసు వేయని పెట్టె

ముందే ఒప్పుకోవడం మంచిది. క్యాన్సరు మీద పోరాడే తెల్లకణాలను ఒంట్లోంచి బయటికి తీసి, బతికించి, వాటి సత్తువ కొలవడమే వృత్తిగా పెట్టుకున్న నేను, కొంతకాలం పాటు వాటిని ఐసులో పాతిపెట్టాను. అవి చలికి ముడుచుకుపోతే "వీటిలో చురుకు లేదు" అని రాసి, కింద సంతకం కూడా చేశాను. ఈ తెలివితక్కువ పని ఎవరో చేయమంటే చేసింది కాదు. సొంత బుద్ధితో, కుటుంబ సంప్రదాయం ప్రకారం, ఎంతో శ్రద్ధగా చేశాను.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు "మీ అనుభవాలు రాయండి సార్" అని అడుగుతుంటారు. ప్రమోషన్ల సంగతీ, విదేశాల్లో చదివిన పత్రాల సంగతీ రాస్తానని వాళ్ళ ఆశ. అవి ఎవరి జీవితంలోనైనా ఒకలాగే ఉంటాయి. నా జీవితంలో మాత్రమే జరిగినది ఒకటుంది, అది రాస్తాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అది చలి వల్ల కాదు.

ఐసింట్లో పుట్టినవాణ్ణి

మాది భీమవరం. మా నాన్నగారు ఐసు ఫ్యాక్టరీ నడిపేవారు. చేపలూ రొయ్యలూ కలకత్తా వెళ్ళాలన్నా, హైదరాబాదు వెళ్ళాలన్నా మా గడ్డలు తోడు వెళ్ళాల్సిందే. కింద ఒక పొర ఐసు, మీద ఒక పొర సరుకు, మళ్ళీ ఐసు, అన్నిటికీ పైన రంపపు పొట్టు. చిన్నప్పుడు నాకు అక్షరాల కంటే ముందు ఈ పొరలు వచ్చాయి. మా ఇంట్లో విలువైనదేదీ ఐసు లేకుండా ఊరు దాటేది కాదు. పెళ్ళివారికి పంపే మల్లెదండలూ అంతే, జున్నుపాలూ అంతే. నేను చదువుకి హైదరాబాదు బయల్దేరిన రోజున మా బాబాయి, "వీణ్ణి కూడా పెట్టెలో సర్ది పంపరాదేంటి వదినా, పాడవకుండా చేరతాడు" అన్నాడు. చేరడం చేరాను గానీ, కొంచెం ఐసు బుర్రలోకి ఎక్కిన సంగతి ఎవరూ గమనించలేదు.

పరిశోధనా సంస్థలో నా మొదటి ఉద్యోగం కూడా ఐసుతోనే పడింది. నెత్తుటిలోంచి కణాలన్నీ తీసేస్తే పైన తేరే లేత పసుపు రసంలో ప్రొటీన్లు కొలిచేవాణ్ణి. వాటికి చల్లదనం తప్పనిసరి. ఐసు వేయడంలో నా చెయ్యి చూసి అందరూ మెచ్చుకునేవారు. అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది మా డైరెక్టరు విశ్వేశ్వరం గారు. అయితే ఆయన మెప్పు ల్యాబులో పని చూసి కాదు. నేను సెలవుకి ఊరెళ్ళినప్పుడల్లా ఆయనకి పులస తెచ్చేవాణ్ణి. మూత తీస్తే అప్పుడే గోదావరిలోంచి తీసినట్టుండేది.

"ఐసు వేయడంలో ఎవరైనా నీ తర్వాతేనయ్యా సుబ్బారావ్" అనేవారాయన.

"ఐస్ చేయడంలో కూడానండి" అని పక్క గదిలోంచి ఎవరో ఒకరు అందించేవారు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నిజం కనక.

మేం చేసిన పని

తర్వాత రసం వదిలి కణాల పనిలోకి మారాను. ఆ పనేమిటో నాలుగు ముక్కల్లో చెబుతాను.

మన నెత్తుటిలో కాపలా తిరిగే తెల్లకణాలుంటాయి. క్యాన్సరు కణం కనబడితే చంపగల సత్తువ వాటికి ఉంది. కానీ క్యాన్సరు కణం కపటి. తెల్లకణం దగ్గరికి రాగానే దాని బ్రేకు నొక్కేస్తుంది. చంపడానికి వచ్చింది కాస్తా అక్కడే నిలబడిపోతుంది. కొత్త మందు ఆ బ్రేకు మీది కాలు తీసేస్తుంది. అంతే. మందు క్యాన్సరుని చంపదు, మన కణాలనే చంపనిస్తుంది.

మా దగ్గర ఆ మందు కొద్దిమందికి సరిపడా మాత్రమే ఉండేది, అధ్యయనం కోసం ఇచ్చింది. ఎవరికివ్వాలి? నేనూ డైరెక్టరు గారూ కూర్చుని ఒక నియమం పెట్టాం. ఇంజను చచ్చిన బండికి బ్రేకు తీసి లాభం లేదు. కాబట్టి రోగి నెత్తురు తెప్పించి, తెల్లకణాలు వేరుచేసి, పళ్ళెంలో వేసి, ఉసిగొలిపే రసాయనంతో పొడిచి లేపుదాం. లేచినవాళ్ళకి మందు, లేవనివాళ్ళకి నమస్కారం. ఇంత ఖచ్చితమైన నియమం రాసినందుకు ఆ రోజు ఇద్దరం కాఫీ కూడా తాగాం.

రోగులు రెండు చోట్ల నుంచి వచ్చేవారు. హైదరాబాదులో మా పక్కనున్న ఆసుపత్రి ఒకటి. రాజమహేంద్రవరంలో డాక్టర్ రమాదేవి గారి ఆసుపత్రి ఇంకొకటి. పక్క ఆసుపత్రి నెత్తురు ఎవరో ఒకరు చొక్కా జేబులో వేసుకుని ఆటోలో తెచ్చేవారు. రాజమండ్రి నెత్తురు మాత్రం రైలెక్కి రావాలి. ఊరు దాటాలి. విలువైనది.

నేను స్వయంగా రాజమండ్రి వెళ్ళి ఆసుపత్రి వాళ్ళకి థర్మోకోల్ పెట్టెలో పొరలు వేయడం నేర్పాను. కింద ఐసు, మీద గొట్టాలు, మళ్ళీ ఐసు. నర్సమ్మ ఒకావిడ, "పొట్టు కూడా వేయమంటారాండి" అని అడిగింది. వేళాకోళమని అప్పుడు తట్టలేదు. అక్కర్లేదని చాలా గంభీరంగా చెప్పాను.

నిద్రపోతున్న డెల్టా

ఫలితాలు రావడం మొదలైంది. హైదరాబాదు కణాలు పొడవగానే లేచేవి. రాజమండ్రి నుంచి వచ్చినవి ఎంత పొడిచినా కదిలేవి కావు. ఒకరివని కాదు, దాదాపు అందరివీ అంతే.

నేను కంగారుపడ్డాను. డైరెక్టరు గారు పొంగిపోయారు. "ఇదయ్యా పరిశోధనంటే. గోదావరి డెల్టా మనుషుల కణాలు నిద్రావస్థలో ఉన్నాయి. ఎందుకు? చేపలా? చెరువుల్లో చల్లే మందులా? ఆ ఉక్కపోతా? వెతుకు" అన్నారు. ఆయన సదస్సుల్లో దీని మీద ఉపన్యాసాలు కూడా మొదలుపెట్టారు. తెర మీద గోదావరి పాయలు చీలే పటం, దాని మీద కళ్ళు మూసుకున్న కణం బొమ్మ. జనం చప్పట్లు కొట్టేవారు. మధ్యాహ్నం భోజనం చేసి మా ఊళ్ళో ఎవరైనా కునుకు తీస్తారు కదా, కణాలు తీస్తే తప్పేమిటని నేనూ సమాధానపడ్డాను.

ఒకసారి నా నెత్తురే పరీక్ష చేశాం. డెల్టా మనిషినే కదా. నా కణాలు శుభ్రంగా లేచి కూర్చున్నాయి. డైరెక్టరు గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"నువ్వు వలస వచ్చి చాలా కాలమైందిగా. మా నీళ్ళు పట్టాయి."

నేను తల ఊపాను. నా నెత్తురు తీసింది ల్యాబులోనే అనీ, అది ఐసు మొహం చూడలేదనీ ఆ ఊపుతున్న తలకి తట్టలేదు. జవాబు నా చేతి నరంలోనే ఉంది. పిల్లలూ, పైవాడు సంతోషించే ఫలితం వచ్చినప్పుడు రెండుసార్లు చూడండి. మీరూ సంతోషిస్తే మూడోసారి కూడా చూడండి.

మాస్టారు

మాచేత వద్దనిపించుకున్నవారిలో పాలకొల్లు మాస్టారు ఒకరు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఊపిరితిత్తుల క్యాన్సరు. ఫలితం చెప్పే రోజున నేను రాజమండ్రిలోనే ఉండటం వల్ల రమాదేవి గారు ఆ మాట నన్నే చెప్పమన్నారు. మీ కణాలు నిద్రావస్థలో ఉన్నాయండి, ఈ మందు మీకు పనిచేయదండి అని నెమ్మదిగా చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిద్రపోతున్నాయా? వాటికి పాఠం నేను చెప్పలేదే" అన్నారు.

భార్య వారిస్తున్నట్టు చెయ్యి పట్టుకుంది. ఆయన ఆగలేదు. "మరి గట్టిగా పిలిచి చూశారాండి? మా క్లాసులో వెనక బెంచీవాళ్ళు పేరు పెట్టి పిలిస్తే లేచేవారు."

"చూశామండి" అన్నాను.

"అయితే సరే లెండి. మీరు చదువుకున్నవారు."

ఆ వాన కాలం వెళ్ళకముందే ఆయన పోయారు.

తుండుగుడ్డలో వచ్చిన నెత్తురు

సత్యవతిది నరసాపురం. రేవులో చేపలు వేలం పాడుకుని ఊళ్ళో అమ్మేది. మూత్రపిండం క్యాన్సరు ఆపరేషన్ చేశాక మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పాకింది. అధ్యయనంలో ఒక్క చోటే మిగిలింది, కొద్ది రోజుల్లో దాన్నీ మూసేస్తారు. ఆమె నెత్తురు పెట్టెని భర్త ఏడుకొండలు తెచ్చాడు. ఆ రోజుల్లో పెట్టె తేవడం బంధువుల పనే.

ఉదయం నేను వెళ్ళేసరికి ల్యాబు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో పెట్టె ఖాళీ. చొక్కా లోపల పొట్ట దగ్గర ఏదో మూట.

"తప్పయిపోయిందండి బాబుగారు" అన్నాడు.

"ఏమైందయ్యా?"

"పెట్టెలోంచి నీళ్ళు కారి కింద బెర్తు ఆయన సంచీ తడిసిపోయిందండి. చేపల పెట్టె బోగీలోకి ఎలా తెచ్చావని అంతా నా మీద పడ్డారండి. చేపలు కాదండి, మా ఆవిడ నెత్తురండి అన్నానండి. ఆ మాటకి ఇంకా అల్లరెక్కువైపోయిందండి. టీసీ వచ్చి, నెత్తురైనా నెత్తళ్ళయినా ఐసు పారబోయాల్సిందే, లేకపోతే దిగిపో అన్నాడండి. తాడేపల్లిగూడెంలో పారబోసేశానండి." చొక్కాలోంచి తుండుగుడ్డ మూట తీశాడు. "గొట్టాలు పగలకుండా ఇలా పొట్టకి కట్టుకొచ్చానండి."

నేను మండిపడ్డాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, "చేపల వేట చేసేవాడివి, ఐసు విలువ నీకు తెలియదా" అని కూడా అన్నాను.

"తెలిసే కదండి, దారంతా కూడు సయించలేదు."

గొట్టాలు వెచ్చగా ఉన్నాయి. పారేయబోయి ఆగాను. మళ్ళీ నెత్తురు తెప్పించాలంటే, ఇది చెడిపోయిందని ఫలితం చూపించి రాయాలి. చెడిపోయిందని రుజువు చేయడానికే దాన్ని పరీక్షకి పెట్టాను.

మర్నాడు ఉదయం మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. పెట్టిన కన్ను తీయలేకపోయాను.

రేవులో వేలం పాడేటప్పుడు మూగినట్టు కణాలు గుత్తులు గుత్తులుగా మూగి ఉన్నాయి. ఉబ్బి, మెరుస్తూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ. నేను అంతవరకు చూసిన హైదరాబాదు కణాలు కూడా ఇంత అల్లరి చేయలేదు. పళ్ళెం మారిపోయిందనుకున్నాను. పేరు చూశాను. సత్యవతి, నరసాపురం. మిగిలిన కణాలతో మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే సంత.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. మిగతా అన్ని పెట్టెలకీ ఈ పెట్టెకీ తేడా ఏమిటి? ఒక్కటే తేడా. ఆ తేడాని నేను అక్కడికి వెళ్ళి మరీ నేర్పాను.

ఇందులో కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కణాలున్న నెత్తుటిని గది వేడిమిలో ఉంచాలని మొదటి ఏడాది విద్యార్థుల పుస్తకంలో ఉంటుంది. నేనే ఆ పాఠం చెప్పాను, ప్రశ్నపత్రంలో ఇచ్చాను, తప్పు రాసినవాళ్ళకి మార్కులు తీసేశాను. నోటికి తెలిసిన సంగతి చేతికి తెలియలేదు. చెయ్యి ఇంకా మా నాన్నగారి ఫ్యాక్టరీలోనే ఉండిపోయింది.

రెండు పెట్టెలు

అనుమానంతో ఎవరి దగ్గరికీ వెళ్ళకూడదని రాజమండ్రి రైలెక్కాను. ఆసుపత్రిలో సత్యవతి పక్కన కుర్చీ వేసుకుని నేనూ చొక్కా చెయ్యి మడిచాను. ఆమె వింతగా చూసింది.

"మీ నెత్తురు కూడానాండి బాబుగారు?"

"ఆయ్."

"మీకేం జబ్బండి?"

"తెలివితక్కువండి."

"ఓసోస్. దానికి మందు కనిపెట్టారేటండి?" అంది. సూది గుచ్చుతున్న నర్సమ్మ, పొట్టు వేయమంటారా అన్న ఆవిడే, నవ్వాపుకోలేక నా నరం తప్పించింది.

ఇద్దరి నెత్తురూ రెండేసి భాగాలు చేశాం. ఒక పెట్టెలో మా వంశపు పద్ధతిలో, మా నాన్నగారు చూస్తే భుజం తట్టేలా ఐసు వేశాను. రెండో పెట్టెలో పాత నూలు గుడ్డలు కుక్కాను. రెండిటినీ ఒళ్ళో పెట్టుకుని ఒకే రైల్లో హైదరాబాదు వచ్చాను.

ఫలితం చూసి అలా గడ్డకట్టుకుపోయాను. గుడ్డల పెట్టెలోంచి వచ్చిన నా కణాలు లేచి గంతులేస్తున్నాయి. ఐసు పెట్టెలోంచి వచ్చిన నా కణాలే చలనం లేకుండా పడి ఉన్నాయి. సత్యవతివీ అంతే. ఒకే మనిషి, ఒకే చెయ్యి, ఒకే రైలు. డెల్టాలో నిద్రపోయినవాడు ఒక్కడే, వాడు హైదరాబాదులో జీతం తీసుకుంటున్నాడు.

సంతకం

డైరెక్టరు గారి బల్ల మీద రెండు ఫోటోలూ పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత ఆయన అన్న మాటకి నాకు రెండోసారి దిమ్మ తిరిగింది.

"వచ్చే నెల సదస్సులో దీని మీదే మాట్లాడుతున్నానయ్యా. పటాలన్నీ పంపేశాను. ఇద్దరివి చూసి సిద్ధాంతం మార్చేస్తామా?"

"సిద్ధాంతం తర్వాత మారుద్దామండి. సత్యవతి గారికి మిగిలిన చోటు ఇప్పించండి. ఆవిడ కణాలు లేచాయి. మనం రాసుకున్న నియమమే."

"ఆవిడ ఒక్కతే లేచిందంటే మిగతావాళ్ళ సంగతేమిటని అడుగుతారు."

"అడగాలండి."

బల్ల మీది ఫోను స్పీకరు పెట్టి రమాదేవి గారికి కలిపాను. మామూలుగా నెమ్మదిగా మాట్లాడే మనిషి. సంగతంతా విన్నారు. తర్వాత అంతకంటే నెమ్మదిగా అడిగారు.

"అంటే సుబ్బారావు గారూ, పాలకొల్లు మాస్టారివి కూడా...?"

నేనూ డైరెక్టరు గారూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అప్పటిదాకా నాకు ఇది ల్యాబులో జరిగిన పొరపాటు. ఆ ఒక్క ప్రశ్నతో అది మనుషులకు జరిగింది అయిపోయింది.

"సదస్సుకి పంపిన ఆ డెల్టా పత్రంలోంచి నా పేరు తీయించేసుకుంటానండి. ఎందుకో కారణం కూడా రాస్తాను" అన్నాను డైరెక్టరు గారితో. ఆయన్ని నేను ఐస్ చేయని మొదటి మాట అదేననుకుంటాను. ఆయన కలం తీసి సత్యవతి కాగితం మీద సంతకం పెట్టారు. "దీన్ని పొరపాటు అనొద్దు. పద్ధతిలో మెరుగుదల అందాం" అన్నారు.

మందు సత్యవతికి పనిచేసింది. అందరికీ చేయదు, అలా చేస్తుందని ఎవరికీ మాటివ్వకండి. కణాలు శుభ్రంగా లేచినా మందుకి లొంగని క్యాన్సర్లు చూశాను. ఆమెకి మాత్రం ఊపిరితిత్తుల్లో మచ్చలు తగ్గుతూ తగ్గుతూ పోయాయి. బ్రేకు తీసిన బండి కనక దారిలో థైరాయిడ్‌ని కూడా ఒక గుద్దు గుద్దింది. దానికి రోజూ మాత్ర వేసుకుంటుంది. కొంతకాలానికి మేం పెట్టిన ఆ పళ్ళెం పరీక్షే ఎత్తేశాం. పళ్ళెంలో లేవని కణాలు ఒంట్లో మందు పడ్డాక లేచిన సందర్భాలు కనబడ్డాయి. అంత ఖచ్చితంగా రాసుకున్న నియమం, కాఫీ తాగి మరీ.

పాలకొల్లు

మాస్టారి ఇంటికి వెళ్ళాను. వెళ్ళొద్దని డైరెక్టరు గారు చెప్పారు, సంస్థకి ఇబ్బందన్నారు. దీని గురించి పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే. వెళ్ళండి.

ఆయన భార్య వరండాలో కుర్చీ వేసింది. నేను చెప్పింది మొత్తం నిలబడే విన్నది. నెత్తుటికి ఐసు తగలడం, కణాలు ముడుచుకోవడం, అవి నిద్రపోలేదనడం. మందు ఇచ్చి ఉంటే ఆయన బతికేవారా అని అడుగుతుందనుకుని, తెలియదండి అనే జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆమె అది అడగలేదు. లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఫ్రిజ్‌లోవి. గ్లాసు బయట చెమ్మ పట్టి ఉంది. దాన్ని పట్టుకోవడానికి నా చెయ్యి రాలేదు.

"ఇప్పుడు అందరివీ సరిగ్గా చూస్తున్నారాండి?" అంది.

"చూస్తున్నామండి."

"అయితే తాగండి."

తాగాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో కమిటీల ముందు నిలబడ్డాను. ఆ వరండాలో కూర్చున్నంత కష్టం ఎక్కడా పడలేదు.

డైరెక్టరు గారి ఆర్డరు

నేను పాలకొల్లు నుంచి వచ్చేసరికి ల్యాబు గోడ మీద ఆర్డరు అంటించి ఉంది. సుబ్బారావు గారి వ్యక్తిగత అలవాటు వల్ల నమూనాలకు నష్టం జరిగిందనీ, ఇక మీదట డెల్టా ప్రాంతం నుంచి వచ్చే ఏ పెట్టెలోనూ, ఏ కారణం చేతనూ ఐసు ఉండరాదనీ దాని సారం. నా అలవాటు వల్లే జరిగింది, అది నిజమే. నిద్రపోతున్న డెల్టా పటం ఎవరి అలవాటో మాత్రం అందులో లేదు. పెన్ను తీసి కింద ఏదో ఒకటి రాద్దామనుకుని, ఏమీ రాయకుండా చదువుకుని వచ్చేశాను.

తర్వాత డైరెక్టరు గారూ నేనూ రిటైరయ్యాం. నేను రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గరగా చిన్న ఇల్లు తీసుకున్నాను. సత్యవతి నరసాపురంలో మళ్ళీ చేపలమ్ముతోంది. పరీక్షలకి రాజమండ్రి వచ్చినప్పుడల్లా మా ఇంటికొచ్చి, "చల్లగా ఉండండి బాబుగారు" అని దీవించి వెళ్తుంది. ఆ ఒక్క దీవెన మాత్రం మార్చమని అడుగుతాను. ఆమె నవ్వుతుంది గానీ మార్చదు.

ఈ మధ్య రాజమండ్రిలో ఒక కాలేజీవాళ్ళు విశ్వేశ్వరం గారిని పిలిచి సన్మానం చేశారు. నేను సత్యవతిని తీసుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టారు. "నెత్తుటి కణాలను ఐసులో పెట్టకూడదన్న సత్యాన్ని నేను కనుగొన్నది మీ గోదావరి జిల్లాల నుంచి వచ్చిన నమూనాల వల్లనే" అన్నారు.

మాస్టారి మాట లేదు, రైల్లో పారబోసిన ఐసు మాట లేదు. నిద్రపోతున్న డెల్టా మాట అసలే లేదు. ఆ కణం కళ్ళు తెరిచి ఉన్న కొత్త బొమ్మ మాత్రం తెర మీద ఉంది. చప్పట్లు మామూలే.

సభ అయ్యాక ఆయన్ని కలిశాం. "వీరు సత్యవతి గారండి" అన్నాను.

"ఏ సత్యవతి?" అన్నారాయన. నిజంగానే గుర్తు లేదు. నాకు ఇంకేమీ అనిపించలేదు, ఆశ్చర్యం తప్ప. ఆమె నమస్కారం పెట్టి పక్కకి తప్పుకుంది. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "సాయంత్రం రైలుకే వెళ్ళిపోతున్నానయ్యా. పులస దొరుకుతోందా?"

"దొరుకుతుందండి. పెట్టె స్టేషనుకి పంపిస్తాను."

బయటికి రాగానే సత్యవతి నా మొహం చూసింది. "పులస మంచిది చూసి తేనాండి?"

"వద్దమ్మా. నెత్తళ్ళు చాలు, ఆ చిన్న చేపలే. ఐసు వేయొద్దు."

ఆమె ఆగిపోయింది. జన్మలో అలాంటి మాట వినలేదు. తర్వాత సంగతి అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరేనండి. ఇలాంటి పనికి పులస దండగే. నిన్నటివి పెట్టమంటారా, ఇయ్యాల్టివా?"

"ఇవాళ్టివే పెట్టు. పెద్దమనిషి."

థర్మోకోల్ పెట్టె నేనే సర్దాను. కింద ఒక పొర నూలు గుడ్డలు, మీద నెత్తళ్ళు, మళ్ళీ గుడ్డలు. మూత చుట్టూ టేపు గట్టిగా వేశాను. మా నాన్నగారు ఎక్కడున్నా కళ్ళు మూసుకునే ఉంటారు. డైరెక్టరు గారు ఏసీ బోగీలో కూర్చున్నాక పెట్టె ఆయన బెర్తు కిందికి తోశాను. పెట్టె తట్టి చూసి, "నీ చేతి పని కదా, భయం లేదు" అన్నారు. ఆ బోగీలో ప్రయాణం చేసినవారెవరైనా ఇది చదువుతుంటే నన్ను క్షమించాలి.

మర్నాడు పొద్దున్నే ఫోను. గొంతు బాగా బొంగురుపోయి ఉంది.

"ఏమయ్యా సుబ్బారావ్. బెజవాడ దాటేసరికి బోగీ అంతా నా మీద పడింది. టీసీ వచ్చి, శవమేమైనా తెస్తున్నారా అన్నాడు. ఖమ్మంలో నాతోనే పెట్టె పారేయించారు. ఐసు వేయలేదేంటయ్యా అందులో?"

"డెల్టా నుంచి వచ్చే ఏ పెట్టెలోనూ, ఏ కారణం చేతనూ ఐసు ఉండకూడదని తమరి ఆర్డరే కదండి" అన్నాను.

అవతల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. రెండుసార్లు పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. నిద్రావస్థలో ఉన్నారనుకుని ఫోను పెట్టేశాను.